కోతపండుగ డబ్బులో కొంత ఊళ్ళోని సేవా సంస్థలకి ఇవ్వాలనుకుంటున్నాం. ఎలా ఇస్తే మంచిదండి?

అడిగినవారు: కాలవగట్టు కోశాధికారి

అందరికీ వందనాలండి. మాది పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీద చర్చి సంఘం, 170 గడపలు. జూన్‌లో నన్ను కోశాధికారిని చేశారు. పగలంతా ఎరువుల కొట్లో లెక్కలు రాసేవాణ్ణే, అంచేత పుస్తకాలంటే భయం లేదు. ఇప్పుడు నా మీద పడ్డ పని మాత్రం కూడికలు తీసివేతలతో తేలేలా లేదు. ఇలాంటి పని చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

సార్వా కోతలయ్యాక మా కోతపండుగ జరిగింది. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరో పెరట్లో తవ్వి తెచ్చిన పెండలం దుంపలు, అన్నీ బల్ల ముందు పెట్టి ప్రార్థన చేసి, ఆరాధన అయ్యాక వేలం వేశాం. ఒక చక్రకేళి గెల 9,000 దాకా వెళ్ళింది. కువైట్‌లో పనిచేసే ఆవిడ వీడియో కాల్లో ఉండి, ఇక్కడ తమ్ముడి చేత పాట పెంచిస్తూనే ఉంది. వాళ్ళమ్మ పోయేముందు నాటిన పిలక అదట. ఆ మాట తెలిశాక ఎదుటి పాటదారు నోరు మూసుకుని కూర్చున్నాడు. అన్నీ కలిపి 2,84,000 రూపాయలు వచ్చాయి. మా సంఘంలో ఇంత మొత్తం ఇదే మొదలు.

అందులో 38,600 స్త్రీల సమాజంవాళ్ళ గుప్పెడు బియ్యం డబ్బు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అన్నానికి ఎసరు పెట్టేముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలాఖరు ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెచ్చి గోనెలో పోస్తారు. ఒకరివి సన్నాలు, ఒకరివి లావు బియ్యం, ఒకరివి నూక కలిసినవి. అన్నీ ఒక్క గోనెలోకే. ఏడాది పొడుగునా అమ్మితే వచ్చింది అది.

కమిటీ తీర్మానం ఏమంటే, 1,50,000 రూపాయలు మా సంఘంతో సంబంధం లేకుండా చుట్టుపక్కల పనిచేస్తున్న సేవా సంస్థలకి ఇవ్వాలని. కులమతాలు చూడకూడదని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. ఆరు చోట్ల నుంచి అర్జీలు వచ్చాయి. ఒక వృద్ధాశ్రమం, బుద్ధి ఎదుగుదల లేని పిల్లల్ని పగటిపూట చూసుకునే సెంటరు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళకి దారిఖర్చులిచ్చే ఒక బృందం, సాయంత్రం ట్యూషన్లు చెప్పే సొసైటీ, లేసు అల్లే ఆడవాళ్ళ సంఘం, వరదలప్పుడు గోదావరి లంకల్లోకి పడవలు వేసుకెళ్ళే కుర్రాళ్ళు. ఈ కుర్రాళ్ళకి రిజిస్ట్రేషన్ లేదు.

నా సందేహాలు ఇవండి. ఆరుగురికీ తలా 25,000 ఇచ్చేస్తే గొడవుండదని ఎక్కువమంది అంటున్నారు. నాకు అది న్యాయంగా అనిపించట్లేదు, కానీ ఎందుకో సరిగా చెప్పలేకపోతున్నాను. ఒక పెద్దాయన, "మన సంఘంలోనే ఇల్లు కురుస్తున్నవాళ్ళున్నారు, బయటివాళ్ళకెందుకురా" అంటున్నారు. ఆయన మంచి మనిషి, ఆ మాటలో బాధ ఉంది. ఇంకొకరు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని వాక్యం ఉండగా ఈ రశీదులు, విచారణలు ఏమిటంటున్నారు. పైగా మా ఊరాయన, ఇప్పుడు అమెరికా పౌరుడు, ఈ పని గురించి విని 2,000 డాలర్లు పంపుతానన్నారు. తీసుకోవచ్చా?

వచ్చే నెల పదో తారీకు మీటింగు.

జవాబు: రాజోలు సంఘ పెద్ద

తమ్ముడూ, మీ పెద్దాయన పక్షాన ఒక మాట. మా సంఘంలో ఒక విధవరాలు మూడేళ్ళు టార్పాలిన్ కింద పడుకుంది. అదే మూడేళ్ళలో మేము టౌనులో ఒక ఆశ్రమానికి బియ్యం, దుప్పట్లు మోశాం, పేపర్లో కూడా వచ్చింది. ఆవిడ ప్రతి ఆదివారం కానుక సంచిలో పది రూపాయలు వేసేది. ఆ పదిలోంచి కూడా మేము బయటికి మోశాం కదా అని ఇప్పటికీ నాకు మనసులో ముల్లులా ఉంటుంది. బయటికి ఇవ్వొద్దని చెప్పను. ఇచ్చేముందు ఇంట్లో కురుస్తున్న కప్పులెన్నో ఒకసారి లెక్కపెట్టండి.

జవాబు: అమలాపురం నుంచి, పిల్లల సెంటరు నడిపే ఆవిడ

నేను పుచ్చుకునే వైపు ఉన్నదాన్నండి. మా దగ్గర 19 మంది పిల్లలున్నారు. మీకు అర్జీ పెట్టినవాళ్ళు నేను కాదు, కానీ వాళ్ళ పని నాకు తెలుసు, అదే పని నాది.

మాకు సాయం చేసేవాళ్ళు చాలామంది పుట్టినరోజులకి వస్తారు. కేకు, బిర్యానీ పొట్లాలు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు, కాదనలేను. మా పిల్లల్లో నలుగురికి నమిలి మింగడం రాదు. వాళ్ళకి మెత్తగా చిదిమి, ఒక్కొక్క ముద్దకీ గొంతు నిమురుతూ పెట్టాలి, ఒక్కొక్కరికి నలభై నిమిషాలు పడుతుంది. బిర్యానీ వచ్చిన రోజు మా ఆయా వీళ్ళ నలుగురికీ విడిగా జావ కాస్తుంది. మాకు నిజంగా కావలసింది ఆ ఆయా నెల జీతం. దానికి ఎవరూ ఇవ్వరు. జీతం ఫొటోలో పడదు కదా.

ఇంకో మాట. 15,000 రూపాయల సాయానికి 14 పేజీల ఇంగ్లీషు ఫారం నింపించుకున్నవాళ్ళున్నారు. అది నింపడానికి నేను రెండు రోజులు పిల్లల్ని వదిలి నెట్ సెంటర్లో కూర్చున్నాను. మీరు తెలుగులో ఒక్క పేజీ అడగండి చాలు. పిల్లల చేతికి బ్యానరు ఇచ్చి ఫొటో తీయకండి. ఒకేసారి పెద్ద మొత్తం కన్నా, మూడేళ్ళు ఏటా ఇంత ఇస్తామని ముందే చెప్తే మేము ఒక మనిషిని ధైర్యంగా పనిలో పెట్టుకోగలం.

జవాబు: నర్సాపురం టీచరు

బాబూ, నేను 34 ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా సంఘంలో తొమ్మిదేళ్ళు సేవా నిధి చూశాను. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తీరిగ్గా రాస్తున్నాను, పొడుగైతే ఓపిక పట్టు.

ముందు మా అమ్మ సంగతి చెప్తాను. ఆవిడ చిన్నప్పుడు బోర్డింగు స్కూల్లో చదువుకుంది. ఫీజు కట్టింది ఎక్కడో విదేశంలో ఒక కుటుంబం. ఏడాదికోసారి వాళ్ళకి ఫొటో పంపాలి. ఆ రోజు పిల్లలకి తెల్ల గౌన్లు తొడిగి, తలకి రిబ్బన్లు కట్టి, వరసగా నిలబెట్టి తీసేవారట. తీసిన వెంటనే గౌను విప్పించి తర్వాతి పిల్లకి తొడిగేవారు. అమ్మ ఆ చదువుతోనే టీచరైంది, మమ్మల్ని చదివించింది. ఆ కుటుంబం పేరు చెప్పి రోజూ ప్రార్థన చేసేది. అయినా ఎనభై ఏళ్ళ వయసులో కూడా ఆ గౌను బొత్తాలు విప్పుతున్న చేతుల్ని మర్చిపోలేదు. "ఇంకొంచెంసేపు ఉంచుకుంటానని అడిగానే" అనేది.

మన డెల్టాలో సంఘాలన్నీ ఒకప్పుడు పుచ్చుకున్నవే. 1836లో ఓడెక్కి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దంపతులు నర్సాపురం చేరి పని మొదలుపెట్టినా, రాజమండ్రిలో లూథరన్‌వాళ్ళు 1911లో ఆసుపత్రి కట్టినా, అది ఎక్కడో చలిదేశాల్లో మామూలు జనం కానుక సంచుల్లో వేసిన చిల్లరే. మా అమ్మమ్మ అల్లిన లేసు మిషనరీ దొరసానులు నేర్పిన విద్యే, 2024లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది. ఇప్పుడు ఇచ్చే వంతు మనకొచ్చింది. పుచ్చుకున్నప్పుడు ఏం మేలు చేసిందో, ఏం నొచ్చుకున్నామో మన ఇళ్ళల్లోనే తెలిసిన ముసలివాళ్ళున్నారు. వాళ్ళని అడిగి ఇవ్వు. నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఇదే.

నేను పని మొదలుపెట్టిన ఏడు ఒక వృద్ధాశ్రమానికి మంచినీళ్ళ మిషను ఇచ్చాం. 32,000 ఖరీదు. దాని మీద సంఘం పేరు రాయించి, అయ్యగారు ప్రార్థన చేసి, రిబ్బను కత్తిరించి వచ్చాం. నాలుగు నెలల తర్వాత అటు పనిపడి, చెప్పకుండా లోపలికి వెళ్ళాను. వంటింటి మూల మిషను మీద పాత చీర మడతపెట్టి కప్పి, దానిమీద అరటిపళ్ళు పెట్టి ఉన్నాయి. ప్లగ్గు తీసేసి ఉంది. కరెంటు బిల్లు కట్టలేక తీసేశారు. నన్ను చూసి అక్కడి మేనేజరమ్మ గబగబా పళ్ళు తీసి, చీర లాగేసి, ప్లగ్గు పెట్టబోయింది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి. నాకు మా అమ్మ గౌను గుర్తొచ్చింది.

ఆవిణ్ణి కూర్చోబెట్టి, "మాకు మీరేం భయపడక్కర్లేదమ్మా, అసలు మీకేం కావాలో చెప్పండి" అన్నాను. చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పింది. మంచంలో ఉన్న ఐదుగురు ముసలివాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. రాత్రిపూట తిప్పడానికి మనిషి లేదు. రాత్రి ఆయాకి నెలకి 7,000 కావాలి. మేము ఇచ్చిన మిషను ఖరీదుతో నాలుగు నెలలకి పైగా ఆ ఐదుగురి వీపులు పుండ్లు పడకుండా ఉండేవి. ఆ ఏడు నుంచి ఆ జీతం మేమే ఇస్తున్నాం. మా పేరు ఎక్కడా రాయించలేదు.

అంచేత పదో తారీకు మీటింగుకి ముందే ఆరు చోట్లకీ వెళ్ళు. ఒక్కడివే వెళ్ళకు. స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం వేసేవాళ్ళలో ఒకరిని తీసుకెళ్ళు. అయ్యగార్ని, కమిటీ మొత్తాన్ని తీసుకెళ్ళావంటే వాళ్ళు కుర్చీలు వేసి దండలు తెస్తారు, నీకేమీ కనిపించదు. వంటిల్లు చూడు, బాత్రూము చూడు. అక్కడ పనిచేసే అందరికన్నా చిన్న ఉద్యోగిని, ఆయానో వాచ్‌మనో, జీతం ఎప్పుడొచ్చిందని అడుగు. సెక్రటరీ గారు గంటసేపు చెప్పనిది ఆ మనిషి ఒక్క మాటలో చెప్తాడు.

తలా 25,000 ఎందుకు న్యాయం కాదో నువ్వు చెప్పలేకపోతున్నానన్నావు. ఆరుగురి అవసరం ఒక్కటి కాదు గనక. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు వెళ్ళాలి. మందు, మిషను ఉచితంగా దొరికినా, లంకలోంచి రేవుదాకా, రేవు దాటి బస్సుదాకా, మళ్ళీ తిరుగు ప్రయాణం, తోడు మనిషి కూలి పోవడం. ఈ ఖర్చుకి భయపడి ఒక వారం మానేసినవాళ్ళ కాళ్ళు వాచిపోయి రావడం నేను చూశాను. వీళ్ళకి నెలనెలా ఆగకుండా వెళ్ళాలి. లేసు అల్లేవాళ్ళకి అలా కాదు. వాళ్ళకి దారం టోకున కొనుక్కోడానికి ఒక్కసారి పెట్టుబడి దొరికితే, మధ్యవాడి దగ్గర దారం అప్పు తెచ్చుకుని వాడు చెప్పిన కూలికే అల్లే బాధ కొంత తగ్గుతుంది. ఒకరికి 60,000 ఇవ్వాల్సి రావచ్చు, ఒకరికి 8,000 చాలు. ఒకరికి ఈ ఏడు లేదని చెప్పాల్సి రావచ్చు. లేదని చెప్పాల్సొస్తే స్వయంగా వెళ్ళి చెప్పు, ఉత్తరం పంపకు.

పడవల కుర్రాళ్ళ విషయం నాకు ప్రత్యేకం. 2022 జూలై వరదకి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మేము 300 దుప్పట్లు కొనుక్కుని వెళ్ళాం. ఏటిగట్టు మీద జనం, గొడ్లు, కోళ్ళు అన్నీ కలిసి ఉన్నాయి. ఒక ఆడమనిషి నా చేతిలో దుప్పటి తీసుకుని దండం పెట్టి, "అమ్మా, ఇప్పటికి మూడొచ్చాయి. గేదెకి గడ్డి లేదమ్మా, నాలుగు రోజులైంది" అంది. ఆ గేదె పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అవతల కుర్రాళ్ళు పడవలో ఎండుగడ్డి మోపులు తెచ్చి పోస్తున్నారు. ఇంకో ట్రిప్పు వేద్దామంటే డీజిలు లేదు, ఎవరి దగ్గరో అప్పు కోసం ఫోన్లు చేస్తున్నారు. మా వ్యానులో ఇంకా 180 దుప్పట్లున్నాయి. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

మరుసటేడు నుంచి వాళ్ళకిచ్చేది జూన్ మొదటివారంలోనే ఇస్తున్నాం. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఎగరేసేసరికే వాళ్ళ దగ్గర డీజిలు, తాళ్ళు, గడ్డి ఉండాలి. మూడో హెచ్చరిక 17.75 దాకా వచ్చాక బయల్దేరేవాళ్ళం మనం, అప్పటికి లంకల్లో సగం పని అయిపోతుంది.

నీకు ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఒక ట్యూషన్ సెంటరుకి 25,000 ఇచ్చాం. ఫొటోలు, హాజరు పట్టీ చక్కగా పంపారు. ఆర్నెల్లకి నేను వెళ్తే తాళం. ఎదురింటి పిల్లలు, "వేసవి సెలవుల నుంచి లేదండి టీచరు గారూ" అన్నారు. ఫొటోలు అంతకుముందు ఏడువి. డబ్బు తిరిగి రాలేదు. కమిటీలో కొందరు ఈ సంగతి సంఘానికి చెప్పొద్దన్నారు, చెప్తే వచ్చే ఏడు ఎవరూ ఇవ్వరని. నేను ఒప్పుకోలేదు. ఆదివారం ఆరాధన తర్వాత నిలబడి, ఇంత ఇచ్చాం, ఇలా జరిగింది, వెళ్ళి చూడకుండా ఇచ్చింది నేనే, క్షమించండి అని చెప్పాను. గొంతు పూడుకుపోయింది. ఆ ఏడు కోతపండుగలో కానుక తగ్గలేదు. ఒక ముసలావిడ బయట నా చెయ్యి పట్టుకుని, "పోయిందని చెప్పేవు గదమ్మా, మిగతాది పోలేదని నమ్ముతాం" అంది.

కుడిచెయ్యి, ఎడమచెయ్యి సంగతికి ఇదే నా జవాబు. ఆ వాక్యం నేను నా జేబులోంచి ఇచ్చేదానికి. సంఘం డబ్బు నా చెయ్యీ కాదు, ఆ పెద్దాయన చెయ్యీ కాదు. అందులో 170 ఇళ్ళ ఎసటి గిన్నెలున్నాయి. లోకానికి చాటింపు వేయకూడదు, ఇచ్చినవాళ్ళకి మాత్రం పైసా లెక్క చెప్పాలి.

రాజోలు అన్నయ్య గారు చెప్పింది నిజం. కురిసే కప్పులు లెక్కపెట్టాలి. బాబూ, నీ దగ్గర ఇంకా 1,34,000 ఉంది కదా, ఆ పెద్దాయన్నే దానికి బాధ్యుణ్ణి చేసి మీ సంఘంలో కప్పులు బాగుచేయించమని అడుగు. ఒక పక్క బయటికి వెళ్తుంటే ఒక పక్క ఇంట్లో పని జరుగుతుంటే ఆయన మనసు కుదుటపడుతుంది. అపొస్తలుల కార్యాల్లో ఆరో అధ్యాయం ఒకసారి ఆయనతో కలిసి చదువు. రోజూ పంచేదాంట్లో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళని మర్చిపోతున్నారని సణుగుడు వస్తే ఏడుగురిని ఏర్పరిచారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఎవరికి అందట్లేదో వాళ్ళవైపు మనుషుల చేతికే పంచే పని ఇచ్చారు. మీ కమిటీలో లంకవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?

జవాబు: భీమవరం, ఆడిటరు గారి ఆఫీసులో పనిచేస్తాను

టీచరు గారు చెప్పాక మనసు సంగతి నేను చెప్పేదేం లేదు. కాగితాల సంగతి చెప్తాను.

మొదట మీ సంఘం ఎవరి పాన్ మీద నడుస్తోందో చూసుకోండి. చాలా చర్చిలకి పాన్, రిజిస్ట్రేషన్ పైనున్న డయాసిస్‌దో సినడ్‌దో ఉంటుంది, స్థానిక సంఘం లెక్కలు అందులో కలుస్తాయి. అలాగైతే ఇచ్చేముందు వాళ్ళకి ఒక ఉత్తరం రాసి అనుమతి తీసుకోవడం మంచిది. సొంత సొసైటీ అయితే మీ నిబంధనావళిలో ఇలా బయటి సంస్థలకి ఇచ్చే ఉద్దేశం రాసి ఉందో లేదో చూడండి.

పుచ్చుకునే సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కాగితం, పాన్, ఆదాయపు పన్నువాళ్ళ 12ఏబీ ఉత్తర్వు (సేవా సంస్థగా పన్ను మినహాయింపుకి ఇచ్చే రిజిస్ట్రేషన్), కిందటేడు లెక్కలు తీసుకోండి. బ్యాంకు ఖాతా సంస్థ పేరు మీదే ఉండాలి, సెక్రటరీ సొంత ఖాతాకి ఒక్క రూపాయి కూడా వేయొద్దు. చెక్కో ఆన్‌లైనో తప్ప నగదు వద్దు. 12ఏబీ ఉన్న ట్రస్టులకి ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదుగా ఇచ్చిన ఖర్చు లెక్కలోకి రాదు. మీ దగ్గరా 12ఏబీ ఉంటే ఇంకోటి గుర్తుపెట్టుకోండి. 2023 మార్పు తర్వాత, ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకి ఇచ్చిన విరాళంలో 85 శాతమే ఇచ్చినవాళ్ళ సేవా ఖర్చుగా లెక్కకొస్తుంది. అదే మీరే సొంతంగా ఖర్చు పెడితే మొత్తం వస్తుంది.

రిజిస్ట్రేషన్ లేని పడవల కుర్రాళ్ళకి డబ్బు చేతికి ఇవ్వకండి. బంకువాళ్ళకి, గడ్డి అమ్మే రైతుకి, తాళ్ళ కొట్టుకి మీరే నేరుగా కట్టేసి బిల్లు మీ సంఘం పేరున తీసుకోండి. అప్పుడది మీరు చేసిన వరద సాయమే అవుతుంది, రాసుకోవడానికీ ఇబ్బంది ఉండదు. పిల్లల్ని రాత్రిళ్ళు ఉంచుకునే హోమ్ ఎవరైనా అడిగితే మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడకుండా ముందుకెళ్ళొద్దు.

అమెరికా ఆయన డబ్బు తీసుకోకండి. ఆయన అక్కడి పౌరుడు గనక అది విదేశీ విరాళం, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా మీరు పుచ్చుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఇంకో సంస్థకి బదిలీ చేయడానికి వీల్లేదు. ముందు తమ్ముడి ఖాతాకి పంపించి, తమ్ముడి చేత చర్చికి ఇప్పిద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. వినకండి, అది దొడ్డిదారి. కువైట్ ఆవిడ సంగతి వేరు. భారత పాస్‌పోర్టు ఉండి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి ఫైల్లో పెట్టుకోండి.

మళ్ళీ కాలవగట్టు కోశాధికారి

అందరికీ కృతజ్ఞతలండి. టీచరు గారూ, మీరు చెప్పినట్టే స్త్రీల సమాజం నుంచి ఒక అత్తగారిని తీసుకుని ఇప్పటికి నాలుగు చోట్లకి వెళ్ళొచ్చాను. మా కమిటీలో లంకవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాట చదివాకే నాకు తట్టింది. పడవల కుర్రాళ్ళ వైపు నుంచి ఒకాయన్ని, అక్కడి ప్రార్థన గుంపులో పెద్ద, ఈ మీటింగుకి పిలిచాను.

పిల్లల సెంటరుకి టీవీ ఇద్దామని మావాళ్ళు అనుకున్నారు. మేము వెళ్ళేసరికి పదకొండున్నర. పదమూడు మంది పేర్లుంటే ఐదుగురే ఉన్నారు. మిగతావాళ్ళు రాకపోవడమేమిటని అడిగితే ఆటో రావడం లేదన్నారు. ఆటో అతనికి మూడు నెలలుగా 13,500 బాకీ ఉందట. అత్తగారు ఊరుకోకుండా ఆటో స్టాండుకి నడిచి అతన్నే అడిగారు. అతను తల దించుకుని, "నాకూ ఫైనాన్స్ కిస్తీ ఉందండి, ఆ పిల్లల్ని మానేసిన రోజు నుంచి ఆ సందులోకి వెళ్ళలేకపోతున్నాను" అన్నాడు. అక్కడి నుంచి తిరిగొస్తూ అత్తగారు దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "మన బియ్యం డబ్బు ఈ ఆటోకి ముందు పెట్టు" అన్నారు.

పెద్దాయన అపొస్తలుల కార్యాలు చదివారు. ఏమీ అనలేదు కానీ, కప్పుల జాబితా మర్నాడే తెచ్చిచ్చారు. ఏడు ఇళ్ళు. అమెరికా ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పాను, కొంచెం నొచ్చుకున్నారు. వచ్చే సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు లంకలు చూపిస్తానన్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఆటోకి ఇప్పటి నుంచి స్కూలు ఏడు అయ్యేదాకా నెలకి 4,500 చొప్పున ఇద్దామనుకుంటున్నాం. పాత బాకీ 13,500 కూడా మనమే తీర్చాలా, అది వాళ్ళ పాత లెక్క అని వదిలేయాలా? మీటింగులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

జవాబు: నర్సాపురం టీచరు

తీర్చు నాయనా. ఆ బాకీ ఉన్నన్నాళ్ళూ అతను ఆ సందులోకి రాడు, పిల్లలు ఇంట్లోనే ఉంటారు. నెలకి 4,500 కూడా ఎందుకూ పనికిరాదు. చెక్కు సెంటరు పేరునే రాయి, భీమవరం బాబు చెప్పినట్టు. వాళ్ళు ఆటో అతనికి బ్యాంకు ద్వారానే ఇచ్చి అతని సంతకంతో ఓచరు తీసుకుంటారు. ఆ ఓచరు జిరాక్సు నీ ఫైల్లోకి, సెంటరు ఇచ్చే రశీదు ఆ పక్కన.

ఆ 13,500 గుప్పెడు బియ్యం పద్దులోంచే రాయి, అత్తగారు అడిగారు కదా. లెక్క చదివే ఆదివారం ఆ ఒక్క పద్దు నువ్వు చదవకు, ఆవిడ చేత చదివించు. పదో తారీకు దాకా ఆగకుండా సెక్రటరీని, అయ్యగారిని అడిగి ముందే ఇవ్వగలవేమో చూడు. పిల్లలకి ఇప్పటికే ఎన్నో రోజులు పోయాయి.